పంపు లెక్కలో తెలుగు వాక్యము

తెలుగు శాఖవారి పరిశోధన పత్రికలో నీటి పంపులను గూర్చిన వ్యాసమేల యని చదువరులు అడుగవచ్చును. శాసనములు, ఛందస్సు, నిఘంటువులు మనవియనియు, ప్రవాహము, పీడనము, సామర్థ్యము భౌతికశాస్త్రమువారివనియు ఒక పంపకము మనలో చాల కాలముగా నడచుచున్నది. నేనును ఇన్నేండ్లు ఆ పంపకమును గౌరవించియే బోధించుచు వచ్చితిని. ఇటీవల మా యింట జరిగిన ఒక చిన్న సంఘటన ఆ గౌరవమును సడలించినది.

నేను పనిచేయునది తెలుగునాటికి దూరముగా, హిందీ మాటాడు ప్రాంతమున. మా యింటికి ఇద్దరు తెలుగు పిల్లలు వచ్చుచుందురు. ఒకడు పదవ తరగతివరకు తెలుగు మాధ్యమమున చదివి, తండ్రి ఉద్యోగరీత్యా ఇక్కడికి చేరినవాడు. రెండవవాడు ఇక్కడనే పుట్టి హిందీ మాధ్యమమున చదివినవాడు. ఇంట తెలుగు మాటాడును. ఇద్దరును ప్రవేశపరీక్షలకు సిద్ధపడుచున్నారు. ఒకనాటి సాయంకాలము రెండవవాడు మొదటివానికి ఒక లెక్క యిచ్చినాడు: "బావిలో నీటిమట్టము నేలకు 15 మీటర్ల దిగువను ఉన్నది. ట్యాంకులోనికి నీరు నేలకు 12 మీటర్ల ఎత్తున పడును. గంటలో 36,000 లీటర్లు ఎక్కించవలెను. పంపు శక్తి ఎంత?"

మొదటివాడు కాగితముమీద 95,25,600 జౌళ్లని వ్రాసినాడు. రెండవవాడు అది తప్పనియు, 2,646 వాట్లు సరియైన జవాబనియు చెప్పినాడు. అరగంటసేపు వాదము జరిగినది. ఒకరి లెక్కను ఒకరు పరిశీలించిరి. ఎవరి గుణకారములోను దోషము కనబడలేదు. తుదకు నా దగ్గరకు వచ్చి, "మాస్టారూ, మాలో ఎవరిది తప్పు?" అని అడిగిరి. ఎవరిదియు తప్పు కాదు. తెలుగు పాఠ్యపుస్తకములలో శక్తి యనగా చేయబడిన పని మొత్తమునకు సమానమైన రాశి; దానిని జౌళ్లలో కొలుతురు. హిందీ పాఠ్యపుస్తకములలో శక్తి యనగా ఆ పని జరుగు రేటు; దానిని వాట్లలో కొలుతురు. తెలుగువారు శక్తి యనుదానిని హిందీవారు ఊర్జా యందురు. హిందీవారి శక్తి మనకు సామర్థ్యము. సంస్కృతపదము ఒక్కటే; అర్థములు రెండు. ఆ పిల్లలు భౌతికశాస్త్రమును గూర్చి వాదించుకొనలేదు. నిఘంటువును గూర్చి వాదించుకొనిరి. అట్టి వాదమును తీర్చవలసిన బాధ్యత మనదే కదా!

ఈ సంఘటన తరువాత నేను పాఠశాల, ఇంటర్మీడియట్ స్థాయిలోని నీటి లెక్కలను కొన్నింటిని ముందు పెట్టుకొని చదివితిని. నా అభిప్రాయమును మొదటనే చెప్పెదను. ఈ లెక్కలలో విద్యార్థి తప్పిపోవు చోట్లు చాలవరకు గణితములో లేవు, వాక్యములో ఉన్నవి. సూత్రము నాలుగైదు అక్షరములు మాత్రమే. దానిలో ఏ అక్షరమునకు ఏ సంఖ్యను ఉంచవలెనో చెప్పునది వాక్యము. ఆ వాక్యమును తెలుగులో సరిగా నిర్మించు పనిని మనము ఇంతవరకు అనువాదకులకు వదలివేసితిమి.

ముందుగా పై లెక్కనే పూర్తిగా చూతము. లీటరు నీరు ఒక కిలోగ్రాము బరువు. గంటకు 36,000 లీటర్లనగా సెకనుకు 10 లీటర్లు, అనగా 10 కిలోగ్రాములు. ఒక కిలోగ్రామును ఒక మీటరు ఎత్తుటకు 9.8 జౌళ్ల పని పట్టును. ఎత్తవలసినది 15, 12 కలిపి 27 మీటర్లు. కావున ప్రతి సెకనును జరుగవలసిన పని 10, 9.8, 27ల లబ్ధము, అది 2,646. సెకనుకు ఇన్ని జౌళ్లనుటయు ఇన్ని వాట్లనుటయు ఒక్కటే. ఇట్లు గంటసేపు పనిచేసినచో మొత్తము 95,25,600 జౌళ్లు; విద్యుత్ మీటరు భాషలో 2.646 యూనిట్లు. ఇద్దరు పిల్లల జవాబులును ఒకే నాణెమునకు రెండు ముఖములు.

కాని ఇది నీటికి అందవలసిన సామర్థ్యము మాత్రమే. గొట్టములో నీరు పారునప్పుడు రాపిడి యుండును. ఆ రాపిడిని ఇంజనీర్లు ఎత్తుగా మార్చి చెప్పుదురు. అది 3 మీటర్ల ఎత్తునకు సమానమనుకొందము. అప్పుడు మొత్తము 30 మీటర్లు, 2,940 వాట్లు. మోటారు, పంపు కలిసి తాము తీసికొనిన విద్యుత్తులో నూటికి 60 పాళ్లు మాత్రమే నీటికి అందించుననుకొందము. అప్పుడు తీసికొనవలసినది 2,940ని 0.6తో భాగింపగా వచ్చు 4,900 వాట్లు. అనగా గంటకు 4.9 యూనిట్ల ఖర్చు. 746 వాట్లు ఒక హార్స్ పవరు గనుక, ఇది ఆరున్నర హార్స్ పవరుకు కొంచెము పైమాట.

ఇచ్చట విద్యార్థులలో పలువురు భాగించుటకు మారుగా గుణింతురు. 2,940ని 0.6తో గుణించి 1,764 వాట్లని జవాబు వ్రాయుదురు. తీసికొనినదానికంటె ఎక్కువ ఇచ్చు యంత్రము లోకములో లేదను ఎరుక వారికి లేదా? ఉన్నది. కాని లెక్కలోని వాక్యము "పంపు దక్షత 60%" అని యుండును. దేనిలో అరువది పాళ్లో ఆ వాక్యము చెప్పదు. "పంపు తాను తీసికొను విద్యుత్తులో 60 పాళ్లు నీటిని ఎత్తుటకు వినియోగించును" అని వ్రాసియున్నచో గుణింపవలెనా, భాగింపవలెనా యను సందేహమే పుట్టదు. దక్షత యను నామవాచకము వినుటకు గంభీరముగా నుండును; కాని అది రెండు క్రియలను తనలో మ్రింగి కూర్చున్నది. తెలుగు వాక్యమునకు ప్రాణము క్రియ. అనువాదములో క్రియలు పోయి నామవాచకములు మిగిలినవి.

ఇక సామర్థ్యమను మాటను చూడుడు. పంపు సామర్థ్యము వాట్లలో ఉండును. అదే లెక్కలో "36,000 లీటర్ల సామర్థ్యముగల ట్యాంకు" అని కూడ కనబడును. వార్తాపత్రికలలో జలాశయపు నీటి నిల్వ సామర్థ్యమను ప్రయోగము నిత్యము వచ్చునదే. వ్యవహారములో యంత్రము బాగుగా పనిచేయుచున్నదనుటకును సామర్థ్యమనియే యందురు. అది శాస్త్రములో దక్షత. ఒకే వాక్యములో ఒకే మాట మూడర్థములు ఇచ్చుచుండగా పదునైదేండ్ల పిల్లవాడు ఏది పట్టుకొనును? ట్యాంకు విషయములో మనకు చక్కని తెలుగు మాట యున్నది: పట్టు. "ఈ ట్యాంకు 36,000 లీటర్లు పట్టును" అన్నచో ఆ చిక్కు తొలగిపోవును. ఇంట గిన్నె ఎంత పట్టునో ఎరుగని బిడ్డ లేడు. పరిభాష కట్టువారు శాస్త్రపదమును నిర్ణయించుటతో తమ పని ముగిసినదనుకొందురు. ఆ పదము ప్రక్కన నిలువకూడని మాటలను తొలగించుటయు వారి పనియే.

సామర్థ్యమనెడి భావము పుట్టినదే నీటిని తోడుటలో అనునది మరువరాదు. ఇంగ్లండులో న్యూకామెను 1712లో నిలిపిన ఆవిరి యంత్రము గనులలో ఊరిన నీటిని తోడివేయుటకే. జేమ్స్ వాట్ 1769లో తన మెరుగుదలకు పేటెంటు పొందినాడు. తన యంత్రము ఎన్ని గుఱ్ఱముల పనిచేయునో కొనువారికి చెప్పవలసివచ్చినప్పుడు, నిమిషమునకు 33,000 పౌనుల బరువును ఒక అడుగు ఎత్తుటను ఒక గుఱ్ఱపు పనిగా నిర్ణయించినాడు. ఆనాటి గని యజమానికి కావలసినది ఇంత కాలములో ఇంత నీరు ఇంత ఎత్తునకు అను మాట. నీరు, ఎత్తు, కాలము – ఈ మూడింటిలో ఏది లోపించినను బేరము తెగదు. మన మోట తోలిన రైతునకును ఇదే తెలివి. ప్రొద్దుగూకులోపల ఏ మడివరకు తడియునో, బావిలో నీరు మరియొక మట్టు దిగినచో ఎన్ని బానలు తగ్గునో అతనికి తెలియును. అతని తెలివికిని మన పాఠ్యపుస్తకమునకును నడుమ వంతెన లేదు.

ఆ హార్స్ పవరుకే తెలుగులో అశ్వశక్తియను పేరు స్థిరపడినది. శాస్త్రపరిభాషలో అది శక్తి కాదు, సామర్థ్యము. కొన్ని పుస్తకములు దీనిని గుర్తించి అశ్వసామర్థ్యమని దిద్దినవి. పత్రికలు పాతమాటనే వాడుచున్నవి. రైతు ఈ రెండింటిని తోసిపుచ్చి "ఐదు హెచ్.పి. మోటారు" అనుచున్నాడు; అతడే ముగ్గురిలో స్పష్టముగా మాటాడుచున్నాడు. ఇది కేవలము పదముల పట్టింపు కాదు. ఆంధ్రప్రదేశములో 1980ల ఆరంభమున వ్యవసాయపు పంపులకు మీటరు లెక్క తొలగి, మోటారు హార్స్ పవరునుబట్టి రుసుము కట్టు పద్ధతి వచ్చినది. 2004లో ఉచిత విద్యుత్తు వచ్చినది. మొదటి పద్ధతి శక్తిని కొలిచి ధర కట్టినది. రెండవది సామర్థ్యమును కొలిచి ధర కట్టినది. మూడవది దేనిని కొలువలేదు. ఈ మూడింటిలో ఏది మేలో, ఎవరికి మేలో ప్రజలు దశాబ్దములుగా వాదించుచునే యున్నారు. శక్తికిని సామర్థ్యమునకును భేదము తెలియనివానికి ఆ వాదములో పాలుపంచుకొను వీలు లేదు.

రెండవ చిక్కు లోతు అను మాటతో వచ్చుచున్నది. "20 మీటర్ల లోతుగల బావినుండి" అని లెక్క మొదలగును. బావి త్రవ్వకపు లోతా? నీటిమట్టమునకు గల లోతా? బావి అంచువరకు నిండియుండగా నీటినంతయు తోడివేయవలెనన్నచో పైనీరు ఎత్తనక్కరలేదు; అడుగునీరు 20 మీటర్లు ఎత్తవలెను; సగటు 10 మీటర్లు. నీరు అడుగుననే యుండి, తోడుచున్నకొలది ఊరుచున్నచో ప్రతి లీటరును 20 మీటర్లు ఎత్తవలెను. రెండు జవాబులకును నడుమ రెట్టింపు తేడా. తెలుగులో "నిండు బావిని తోడివేయుట" వేరు, "బావినుండి నీరు తోడుట" వేరు. ఒక దానిలో బావి కర్మ. రెండవదానిలో నీరు కర్మ. వ్యాకరణమే భౌతికశాస్త్రమును చెప్పుచున్నది. ఈ భేదమును వాడుకొనని లెక్క తెలుగులో వ్రాసిన లెక్క యనిపించుకొనదు.

ఎత్తు అను మాటకును ఇట్టి జాగ్రత్తయే కావలెను. గొట్టము ఏటవాలుగా గుట్టమీదికి 100 మీటర్లు పోవచ్చును. నీరు పైకి లేచినది 40 మీటర్లే కావచ్చును. పనిని నిర్ణయించునది ఆ నలుబది. గొట్టపు పొడవు రాపిడి లెక్కలో మాత్రమే వచ్చును. దీనికి మనకు నిలువెత్తు అను మాట సిద్ధముగా నున్నది. నీటిమట్టమునుండి నీరు పడు చోటివరకు గల నిలువెత్తు అన్నచో ఏ కొలతను గైకొనవలెనో వేరుగా బోధింపనక్కరలేదు.

బావి లెక్కలలో మరియొక లోపము కలదు. పంపు ఎచ్చట ఉన్నదో చాల లెక్కలు చెప్పవు. నేలమీది పంపు నీటిని లాగుకొనదు. గొట్టములోని గాలిని తీసివేయగా బయటి గాలి బరువు నీటిని పైకి నెట్టును. ఆ గాలి బరువు మోయగలది సుమారు 10.3 మీటర్ల నీటిని మాత్రమే. పీల్చు పంపు 18 మూరలకు మించి నీరెత్తదని గెలీలియో 1638 నాటి గ్రంథములో పేర్కొనినాడు. దానికి కారణము గాలి బరువని 1644లో టారిసెల్లి వివరించినాడు. వ్యవహారములో ఏడెనిమిది మీటర్లు దాటుట కష్టము. నీరు 15 మీటర్ల దిగువనున్న మా పిల్లల బావిలో పంపును క్రిందికి దింపవలసినదే, లేదా నీటమునుగు పంపు వేయవలసినదే. భూగర్భజలము దిగిపోయినకొలది బావిలో అరుగు కట్టి మోటారును దింపుకొనుచు పోయిన రైతులు టారిసెల్లి పేరు వినకయే ఆతని సూత్రమును పాటించిరి. "పీల్చు" అను క్రియ ఇచ్చట మోసము చేయుచున్నది. "నెట్టు" అను క్రియ సత్యము చెప్పుచున్నది. ఉపాధ్యాయుడు ఈ ఒక్క క్రియను మార్చి చెప్పినచో ఒక పాఠము చెప్పినట్లే.

మూడవ చిక్కు వేగమునకును ప్రవాహమునకును సంబంధించినది. సెకనుకు ఇన్ని మీటర్లనుట వేగము. సెకనుకు ఇన్ని లీటర్లనుట ప్రవాహపు పరిమాణము. 10 లీటర్ల నీరు 80 మిల్లీమీటర్ల వ్యాసముగల గొట్టములో పోయినప్పుడు వేగము సెకనుకు సుమారు 2 మీటర్లు. ఆ వేగమును కల్పించుటకు పట్టు పని 20 సెంటీమీటర్ల ఎత్తునకు సమానము. 27 మీటర్ల ముందర అది లెక్కలోనికి రాదు. అదే నీటిని 40 మిల్లీమీటర్ల గొట్టములో పంపినచో వైశాల్యము నాలుగవ వంతగును. వేగము నాలుగు రెట్లై 8 మీటర్లగును. రాపిడి సుమారు 32 రెట్లు పెరుగును. ఇంతకుముందు 3 మీటర్లనుకొన్న రాపిడి 96 మీటర్లగును. నీటిని ఎత్తుటకంటె గొట్టముతో పెనగులాడుటకే మూడు రెట్లకు పైగా ఖర్చు. సన్నని గొట్టము చవుకయని కొని, నీరు చాలక పెద్ద మోటారు బిగించుకొనినవాడు ఈ లెక్క తెలిసియున్నచో ఆ పని చేయడు.

పరీక్షలలో తరచు కనబడు మరియొక ప్రశ్న: గొట్టమునుండి వెలువడు నీటి వేగమును రెట్టింపు చేయవలెనన్న పంపు సామర్థ్యమును ఎన్ని రెట్లు చేయవలెను? గొట్టపు మూతి మారకున్నచో సెకనుకు వెలువడు నీరు రెట్టింపగును, ప్రతి కిలోగ్రాము నీటికిని నాలుగింతల పని పట్టును, జవాబు 8. మూతిని నొక్కి సన్నము చేసి, అంతే నీటిని రెట్టింపు వేగముతో చిమ్మించినచో జవాబు 4. ప్రశ్నలో మూతి మాట లేనిచో రెండును సరియే; కాని జవాబు పట్టికలో ఒక్కటే యుండును. తెలిసిన పిల్లవాడే ఇచ్చట ఎక్కువ తడబడును. తోడుట, పారుట, చిమ్ముట – ఈ మూడు క్రియలు మన భాషలో వేరువేరు దృశ్యములను చూపును. తోడుటలో ఎత్తు ప్రధానము, పారుటలో వాలు, చిమ్ముటలో వేగము. లెక్కలన్నింటిలోను "ప్రవహించును" అను ఒక్క క్రియతో సరిపెట్టుకొనుటచేత ఈ దృశ్యభేదము మాసిపోయినది.

పల్లెలలో బోరు వేసినప్పుడు "రెండించుల నీరు పడినది" అందురు. వినువారిలో చాలమంది ఒక ఇంచికి ఇది రెట్టింపనుకొందురు. వి ఆకారపు గాడి కోసిన పలకమీదుగా నీటిని పారించి, గాడిలో నీరు ఎంత ఎత్తున నిలిచినదో అంగుళములలో కొలుచుట ఆ పద్ధతి. గాడి పైకి పోయినకొలది వెడల్పగును, లోతు పెరిగినకొలది నీటి వేగమును హెచ్చును. లంబకోణపు గాడిలో ఒక అంగుళమునకు గంటకు సుమారు 500 లీటర్లైనచో, రెండంగుళములకు సుమారు 2,900 లీటర్లు. అనగా ఐదున్నర రెట్లకు పైగా. ఒక ఇంచి బోరునకు తగిన మోటారునకు రెట్టింపు మోటారు చాలుననుకొన్నవాడును, అరయించి తగ్గినదని నిర్లక్ష్యము చేసినవాడును ఇద్దరును నష్టపడుదురు. ఇది పల్లెలో పుట్టిన అసలైన భౌతికశాస్త్రపు లెక్క. తెలుగు పిల్లలకు అగ్నిమాపక యంత్రపు గొట్టముకంటె ఇది చేరువైనది.

ఊరి బోరునుండి రాష్ట్రమంత పనులకు వచ్చినను లెక్క మారదు. సంఖ్యలు మాత్రమే పెరుగును. గోదావరి నీటిని దశలవారీగా వందల మీటర్ల ఎత్తునకు చేర్చుటకై తలపెట్టిన కాళేశ్వరము పథకము 2019లో ప్రారంభమైనది. 2023 అక్టోబరులో మేడిగడ్డ బరాజు స్తంభములు కుంగినవి. అప్పటినుండి ఎత్తిపోతలను గూర్చి ఇంటింట చర్చ. నేను ఆ చర్చలో తీర్పు చెప్పుటకు పూనుకొనలేదు. కాని దానిలో పాల్గొనువారికి కావలసిన లెక్క, పై పిల్లలు చేసిన లెక్కయే. టి.ఎం.సి. యనగా నూరు కోట్ల ఘనపుటడుగుల నీరు. సుమారు 2 కోట్ల 83 లక్షల టన్నులు. దానిని 100 మీటర్ల నిలువెత్తునకు ఎత్తుటకు, ఏ నష్టమును లేకున్నను, సుమారు 77 లక్షల యూనిట్లు పట్టును. యంత్రములు నూటికి 80 పాళ్లు పనికి తెచ్చినచో సుమారు 96 లక్షల యూనిట్లు. యూనిటు ధరతో గుణించి, తడియు ఎకరములతో భాగించినచో ఎవరికి వారే విద్యుత్తు ఖర్చును తెలిసికొనవచ్చును.

క్యూసెక్కు అనునది సెకనుకు ఒక ఘనపుటడుగు, అది రేటు. టి.ఎం.సి. మొత్తము. దినమంతయు 11,574 క్యూసెక్కులు పారినచో ఒక టి.ఎం.సి. యగును. వరదల కాలములో "జలాశయములో ఇన్ని క్యూసెక్కుల నీరున్నది" అను వాక్యము అప్పుడప్పుడు వినబడుచుండును. అది "ఆ బండిలో గంటకు నలుబది మైళ్ల సరకున్నది" అనుట వంటిది. ఎత్తిపోతలయను మాటను చూచి నాకు గర్వము కలుగును. ఎత్తుట, పోయుట అను రెండు క్రియలు కలిసి, అర్థము చెప్పనక్కరలేని పరిభాషగా నిలిచినవి. అంతటి మాటను కట్టుకొన్న భాష, దానిలోని లెక్కను చెప్పలేకపోవుట ఏమి న్యాయము?

ఇచ్చట రెండు ఆక్షేపణలకు సమాధానము చెప్పవలెను. పిల్లలందరును ఆంగ్ల మాధ్యమమునకు పోవుచుండగా ఈ శ్రమ యెందుకని కొందరందురు. ఆంగ్లమున చదువువాడును ఇంట, పొలమున, పంపుల దుకాణమున తెలుగుననే ఆలోచించును. మరియు వైద్యవిద్య ప్రవేశపరీక్షను 2017 నుండియు, ఇంజనీరింగు విద్యకై జరుగు జె.ఇ.ఇ. మెయిన్ పరీక్షను 2021 నుండియు తెలుగులో వ్రాయు అవకాశము కలిగినది. ఇది మనము కోరుకొన్నదే. అయితే వైద్యవిద్య పరీక్షలో అనువాదమునందు సందిగ్ధత ఏర్పడినచో ఆంగ్లపాఠమే ప్రమాణమను నియమము కలదు. తెలుగు వాక్యమును నమ్మి లెక్క చేసిన పిల్లవాడు ఆ నమ్మకమునకు దండుగ కట్టవలసినవాడగుచున్నాడు. ఆ నియమమును నేను తప్పుపట్టను. ఏదో ఒక పాఠము ప్రమాణము కావలసినదే. కాని సందిగ్ధత లేని తెలుగు వాక్యమును వ్రాసియిచ్చినచో ఆ నియమమునకు పని కలుగదు. అది చేతనైన పని.

రెండవ ఆక్షేపణ శుద్ధవాదులది. పంపు, మోటారు, ట్యాంకు, వాటు అను మాటలకు తెలుగు కట్టిన తరువాతనే తెలుగులో శాస్త్రమని వారందురు. నేను దీనిని అంగీకరింపను. పంపు అను మాటను పల్లెలో ముసలివారును వాడుచున్నారు. దానిని తొలగించి నాలుగు సంస్కృతపదముల సమాసమును ఉంచుట పిల్లవానికి ఉపకారము కాదు. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగు పెద్దలు విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించినప్పుడు వారి తపన తెలుగు చదువరికి విషయమును అందించుట. 1961లో కేంద్రప్రభుత్వము శాస్త్రీయ సాంకేతిక పరిభాషా సంఘమును, 1968లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము తెలుగు అకాడమీని ఏర్పరచినవి. పదముల పట్టికలు వచ్చినవి. అవి గొప్ప సేవ. తమిళులు ఆట్రల్, తిఱన్, విసై అని మూడు సొంత మాటలతో శక్తి, సామర్థ్య, బలములను వేరుచేసికొనిరి. మనము సంస్కృతపదములతో వేరుచేసికొంటిమి. ఏ దారియైనను సరియే. పదము దొరకిన తరువాత దానిని వాక్యములో నిలుపు విద్య మిగిలియున్నది. పట్టికలో పదము చనిపోయియుండును; వాక్యములో బ్రదుకును.

కావున తెలుగు శాఖలకు నేను మూడు పనులను సూచించుచున్నాను. మొదటిది, భౌతికశాస్త్రపు అధ్యాపకుని ఒకనిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, పాఠశాలనుండి ఇంటర్మీడియట్ వరకు గల నీటి లెక్కలను ఒక్కొక్కటిగా చదివి, రెండర్థములకు తావిచ్చు ప్రతి వాక్యమును తిరిగి వ్రాయుట. రెండవది, పరిశోధన విద్యార్థులచేత ఏతము, మోట, గూడ, బోరు, గొట్టము, కాలువలకు సంబంధించిన మాటలను ప్రాంతములవారీగా సేకరింపజేసి, వానిలో కొలతకు, వేగమునకు, వాలునకు, ఎత్తునకు చెందినవానిని వేరుగా చూపుట. మూడవది, ఇతర రాష్ట్రములలోని తెలుగు పిల్లలకై, ఒకే సంస్కృతపదము తెలుగులోను చదువుచున్న భాషలోను వేరువేరు శాస్త్రార్థములిచ్చు చోట్లను చూపు చిన్న పట్టికను సిద్ధపరచుట. శక్తియను మాటతోనే ఆ పట్టిక మొదలుకావచ్చును. ఈ పనులలో దేనికిని పెద్ద ధనము అక్కరలేదు. మన శాఖలో ఆ మూడవ పనిని ఈ సంవత్సరమే మొదలుపెట్టవలెనని నా కోరిక.

ఆనాటి సాయంకాలము ఆ పిల్లలచేత ఆ లెక్కను తిరిగి వ్రాయించితిని. "ఈ పని గంటలో పూర్తి కావలెనన్నచో పంపు సెకనుకు ఎన్ని జౌళ్ల పని చేయవలెను?" అని మొదటివాడు ప్రశ్నను మార్చినాడు. రెండవవాడు దాని క్రింద "గంటలో ఎన్ని యూనిట్లు ఖర్చగును?" అని మరియొక ప్రశ్నను చేర్చినాడు. శక్తి, సామర్థ్యము అను మాటలు రెండు ప్రశ్నలలోను లేవు. ఇద్దరును రెండింటికిని ఒకే జవాబులు వ్రాసిరి. వాదమునకు చోటు లేకపోయినది. అంత చిన్న సవరణకు అరగంట పట్టినది. అట్టి అరగంటలు మన శాఖలలో కొన్ని వందలు వెచ్చింపదగినవని నా నిశ్చయము.